కోసిన పన్ను మీ పేరిటే ఉంది: జీతం కాని ఆదాయంపై టీడీఎస్ రాబట్టుకునే పద్ధతి

కొన్నేళ్ల కిందట ఒక కాలేజీలో ఐదు వారాంతాలు పాఠాలు చెప్పాను. మాట్లాడుకున్నది 45,000. బ్యాంకులో పడింది 40,500. అడిగితే అకౌంట్స్‌లో కూర్చున్నాయన తల ఎత్తకుండానే “టీడీఎస్ సార్, రిటర్న్ వేస్తే వచ్చేస్తుంది” అన్నాడు. వేశాను. రాలేదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, వాళ్లు నా పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారు. నా 4,500 ఇంకెవరి ఖాతాలోనో హాయిగా కూర్చుంది. దాన్ని ఇటు రప్పించడానికి ఏడు నెలలు పట్టింది, ఎన్ని ఫోన్లు చేశానో లెక్కే లేదు.

ఆ ఏడు నెలల్లో నేర్చుకున్నదీ, తర్వాత చుట్టాలకూ పక్కింటివాళ్లకూ రిటర్నులు వేసిపెడుతూ తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. జీతం మీద కోసే పన్ను సంగతి వేరు. దాన్ని ఆఫీసువాళ్లు ఏడాది పొడవునా లెక్కేసి, ఫారం 16 చేతికిస్తారు. ఎఫ్‌డీ వడ్డీ, అద్దె, కమీషన్, కన్సల్టెన్సీ ఫీజు, డివిడెండ్, స్థలం అమ్మిన సొమ్ము, వీటి మీద కోతకు మాత్రం కాపలా మీరే కాయాలి.

టీడీఎస్ అదనపు పన్ను కాదు. మీరు కట్టాల్సిన పన్నులో కొంత, మీకు డబ్బిచ్చేవాళ్లే ముందుగా పట్టుకుని మీ పాన్ పేరిట ప్రభుత్వానికి కడతారు. మీ అసలు పన్ను అంతకంటే ఎక్కువైతే మిగతాది కడతారు, తక్కువైతే వెనక్కి తెచ్చుకుంటారు. ఈ జమ మీకు దక్కాలంటే మూడు కలవాలి: పాన్, ఆదాయం, సంవత్సరం. కోత ఎవరి పాన్ మీద పడిందో వాళ్లే ఆ ఆదాయాన్ని, అదే ఏడాది రిటర్న్‌లో చూపించాలి. నేను చూసిన ప్రతి తగాదా ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పడం వల్ల వచ్చిందే.

ఇక్కడ చెప్పే రేట్లు, సెక్షన్ నంబర్లు 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయానివి. దీనికి 1961 చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, నంబర్లు మారాయి. పని చేసే పద్ధతి మాత్రం అదే.

ఎవరు, ఎంత కోస్తారు?

బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ ఏడాదికి 50,000 దాటితే 10 శాతం కోస్తారు. అరవై ఏళ్లు నిండినవాళ్లకు ఈ పరిమితి లక్ష. డాక్టర్లు, ఇంజనీర్లు, లాయర్ల ఫీజు ఒక సంస్థ నుంచి ఏడాదికి 50,000 దాటితే 10 శాతం, సాంకేతిక సేవలైతే 2 శాతం. కాంట్రాక్టు పని చేసేది వ్యక్తి అయితే 1 శాతం. బ్రోకరేజీ మీద, బీమా ఏజెంట్ల కమీషన్ మీద 2 శాతం. డివిడెండ్ ఒక కంపెనీ నుంచి 10,000 దాటితే 10 శాతం. కంపెనీకి ఇల్లో షాపో అద్దెకిస్తే, నెలకు 50,000 దాటిన అద్దె మీద 10 శాతం. అదే మామూలు ఉద్యోగి అద్దెకుంటూ నెలకు 50,000 పైన కడుతుంటే అతను 2 శాతమే కోయాలి. యాభై లక్షలు, ఆపైన విలువైన ఇల్లో స్థలమో అమ్మితే కొన్నవాళ్లు 1 శాతం పట్టుకుంటారు, వ్యవసాయ భూమికి ఇది లేదు.

పాన్ ఇవ్వకపోతే చాలా చోట్ల 20 శాతం కోస్తారు. ఆధార్‌తో లింక్ కాక పాన్ చెల్లకుండా పోయినా అంతే, పైగా రిఫండ్ కూడా ఆగిపోతుంది. కాబట్టి అన్నిటికంటే ముందు ఆ లింక్ చూసుకోండి.

మొదటి పని: మూడు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టుకోవడం

ఒకటి ఫారం 26ఏఎస్. ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అయి, ఈ-ఫైల్ మెనూలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్ కింద ‘వ్యూ ఫారం 26ఏఎస్’ నొక్కితే ట్రేసెస్ అనే ఇంకో సైట్‌కు తీసుకెళ్తుంది. అక్కడ మదింపు సంవత్సరం ఎంచుకోవాలి. 2025-26లో సంపాదించినదానికి మదింపు సంవత్సరం 2026-27. ఈ ఒక్క ఏడాది తేడా దగ్గరే చాలామంది తికమకపడి, పోయినేటి లెక్క తెరిచి “నా టీడీఎస్ లేదేంటి” అని టెన్షన్ పడతారు.

రెండోది ఏఐఎస్, అంటే వార్షిక సమాచార నివేదిక. పోర్టల్‌లోనే ఉంటుంది. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ మీ పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెనకే పుట్టిన తేదీ. 26ఏఎస్‌లో ప్రధానంగా కోతలే ఉంటాయి. ఏఐఎస్‌లో కోత లేని వడ్డీ, డివిడెండ్, షేర్ల అమ్మకాలు కూడా కనిపిస్తాయి. ఆదాయం చూపడానికి ఏఐఎస్, జమ అడగడానికి 26ఏఎస్ అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

మూడోది ఫారం 16ఏ, డబ్బిచ్చినవాళ్లు ఇవ్వాల్సిన సర్టిఫికెట్. మూడు నెలలకొకసారి వస్తుంది. జనవరి నుంచి మార్చి వరకు కోసినదానికి వాళ్లు మే 31 లోపు స్టేట్‌మెంట్ వేయాలి, ఆ తర్వాత 15 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి. అంటే జూన్ 15 దాకా చివరి త్రైమాసికం లెక్క రాకపోయినా కంగారు పడక్కర్లేదు. ఏప్రిల్ మొదటి వారంలోనే రిటర్న్ వేసేసి “పని అయిపోయింది” అనుకునేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. నా సలహా, జూన్ 15 దాటాక కూర్చోండి. స్థలం అమ్మితే ఫారం 16బి, నెలకు 50,000 దాటిన అద్దె మీద కిరాయిదారు కోసినదానికి 16సి వస్తాయి.

రెండో పని: లైను లైనూ సరిపోల్చడం

మొత్తం వ్యవహారంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి: ఎవరిచ్చారు, మొత్తం ఎంత, కోత ఎంత, చేతికి ఎంత. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి నింపి, తర్వాత 26ఏఎస్‌తో పోల్చండి.

మొదట చూడాల్సింది 26ఏఎస్‌లో ప్రతి పద్దు పక్కన ఉండే అక్షరం. ‘ఎఫ్’ అంటే ఖరారైంది, సొమ్ము ప్రభుత్వానికి చేరింది. ‘యు’ అంటే కోసినవాళ్లు చెప్పిన చలానా వివరాలు బ్యాంకు ఇచ్చిన వివరాలతో కలవలేదు. యు ఉన్న పద్దును నమ్ముకుని రిటర్న్ వేస్తే ఆ జమ దక్కదు. వాళ్లకు ఫోన్ చేసి సరిచేయించాలి.

తర్వాత, ఆదాయం అంటే చేతికొచ్చింది కాదు, కోతకు ముందున్న మొత్తం. నా కాలేజీ లెక్కలో చూపించాల్సింది 45,000, 40,500 కాదు. కోసిన పన్ను కూడా మీకు ముట్టినట్టే చట్టం చూస్తుంది. నికరం చూపించి, మళ్లీ పూర్తి జమ అడిగితే లెక్క తప్పుతుంది, నోటీసు వస్తుంది.

మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకో మెలిక. బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే, దాన్ని వదిలేసి మిగతాదాని మీదే టీడీఎస్ కోయాలి. లక్ష ఫీజుకు 18,000 జీఎస్టీ కలిపి 1,18,000 బిల్లు ఇచ్చారనుకోండి. కోత 10,000, 26ఏఎస్‌లో కనిపించేది లక్ష. కొన్ని ఆఫీసుల్లో అలవాటు కొద్దీ 1,18,000 మీద కోసేస్తారు. అప్పుడు మీ రాబడి లక్ష, 26ఏఎస్ చెప్పేది 1,18,000. ఆ తేడాకు కారణం చూపే బిల్లు దాచుకోండి.

ఆదాయం ఏ పద్దు కిందికి వస్తుందో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 26ఏఎస్‌లో ప్రతి కోతకూ సెక్షన్ నంబరు ఉంటుంది. 194ఏ అంటే వడ్డీ, ఇతర ఆదాయంలో చూపాలి. 194జె అంటే వృత్తి ఫీజు, వృత్తి ఆదాయంలో చూపాలి. ఫీజును ‘ఇతర ఆదాయం’ కింద పడేసి ఐటీఆర్-1 వేసేద్దాం అని చాలామందికి బుద్ధి పుడుతుంది, ఫారం చిన్నది కదా. అలా చేస్తే జమ అడిగిన సెక్షన్ ఒకటి, ఆదాయం చూపిన పద్దు ఇంకొకటి అవుతుంది. చిన్న ఫారం కోసం పెద్ద తలనొప్పి తెచ్చుకోకండి.

మూడో పని: సరైన ఫారం

పింఛను, వడ్డీ, డివిడెండ్, అద్దె ఉన్న స్థానికులకు ఆదాయం 50 లక్షల లోపు అయితే ఐటీఆర్-1 చాలు. స్థలం అమ్మినా, విదేశాల్లో ఉంటున్నా ఐటీఆర్-2. కన్సల్టెంట్లు, డాక్టర్లు ఐటీఆర్-3 లేదా 4 వేయాలి. బీమా ఏజెంట్లకూ, కమీషన్ వ్యాపారులకూ అంచనా పద్ధతి (ఖర్చులు లెక్కేయకుండా రాబడిలో ఇంత భాగం ఆదాయమని చూపడం) వర్తించదు, వాళ్లకు ఐటీఆర్-3యే.

అంచనా పద్ధతి సంగతి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే పెద్ద రిఫండ్లు అక్కడే ఉన్నాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరు బిల్డర్లకు డిజైన్లు ఇచ్చి ఏడాదికి 16 లక్షలు సంపాదించారనుకుందాం. 10 శాతం లెక్కన 1,60,000 కోత పడింది. 44ఏడీఏ సెక్షన్ కింద రాబడిలో సగాన్ని, అంటే 8 లక్షలను ఆదాయంగా చూపవచ్చు. కొత్త పన్ను విధానంలో దాని మీద పన్ను 20,000. ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి 87ఏ రిబేటుతో, అంటే పన్ను మాఫీతో, అదీ సున్నా. కోసిన 1,60,000 మొత్తం వెనక్కి వస్తుంది. నిజంగా లాభం సగం కంటే ఎక్కువ ఉంటే అసలు లాభమే చూపాలన్నది మరిచిపోకండి. ఈ సౌకర్యం చట్టంలో పేర్కొన్న వృత్తులకే: వైద్యం, న్యాయం, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, సాంకేతిక సలహాలు వంటివి.

“నా ఆదాయం 12 లక్షల లోపే, పన్ను లేదు, రిటర్న్ ఎందుకు?” అని అడిగేవాళ్లు ప్రతి కాలనీలో ఉన్నారు. పన్ను లేదు సరే, కోత పడింది కదా. రిటర్న్ వేయకపోతే ఆ డబ్బు ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది.

అన్ని కోతలూ వెనక్కి రావు. లాటరీ మీదా, టీవీ క్విజ్ బహుమతి మీదా కోసే 30 శాతం అలాంటిదే. మీకు వేరే ఆదాయం ఏమీ లేకపోయినా దాని మీద పన్ను అంతే.

నాలుగో పని: టీడీఎస్ షెడ్యూల్ నింపడం

రిటర్న్ తెరిస్తే చాలా పద్దులు ముందే నింపి ఉంటాయి. వాటిని కళ్లు మూసుకుని ఒప్పేసుకోవద్దు, మీ తెల్లకాగితంతో పోల్చండి. జీతం కాని ఆదాయానికి ఫారం 16ఏ ఆధారంగా నింపే పట్టిక విడిగా ఉంటుంది. ఇందులో కోసినవాళ్ల టాన్ నంబరు (పన్ను కోసేవాళ్లకు శాఖ ఇచ్చే నంబరు), పేరు, సెక్షన్, మొత్తం రాబడి, కోసిన సంవత్సరం, కోత, అందులో ఈ ఏడాది మీరు అడుగుతున్న జమ నింపాలి. ఐటీఆర్-2, 3, 4లో ఇంకో రెండు గళ్లు ముఖ్యం. ఆ కోతకు సంబంధించిన ఆదాయం ఎంత చూపించారు, ఏ పద్దు కింద అన్నది ఒకటి. వచ్చే ఏడాదికి తీసుకెళ్లే జమ ఎంత అన్నది రెండోది.

స్థలం కొన్న వ్యక్తీ, కిరాయిదారూ కోసినదానికి టాన్ ఉండదు, వాళ్ల పాన్ ఉంటుంది. ఐటీఆర్-2 వంటి పెద్ద ఫారాల్లో దానికి వేరే పట్టిక ఉంది. 26ఏఎస్‌లోనూ అవి మొదటి భాగంలో కాక నాలుగో భాగంలో కనిపిస్తాయి. మొదటి పేజీ చూసి “పడలేదు” అని కొన్నవాళ్లతో గొడవ పెట్టుకున్న పెద్దమనిషి ఒకరు నాకు తెలుసు. పేజీ కిందికి జరపగానే 70,000 కనపడింది.

ఐదో పని: పంపి, ధ్రువీకరించడం

రిఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతా పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ అయి ఉండాలి. రిటర్న్ పంపిన 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. చేయకపోతే వేయనట్టే.

ఐటీఆర్-1, 2 వేసేవాళ్లకు గడువు జులై 31. దాటితే డిసెంబర్ 31 దాకా ఆలస్యపు రిటర్న్ వేయవచ్చు. ఆదాయం 5 లక్షల లోపుంటే 1,000, పైనుంటే 5,000 ఆలస్య రుసుము. ఆ తర్వాత అప్‌డేటెడ్ రిటర్న్ అని ఒకటుంది కానీ దాంతో రిఫండ్ అడగడానికి లేదు, అది పన్ను కట్టేవాళ్ల కోసం. నిజమైన కష్టం వల్ల గడువు పోయిందంటే 119(2)(బి) సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని ప్రిన్సిపల్ కమిషనర్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం మదింపు సంవత్సరం ముగిశాక ఐదేళ్ల లోపు పెట్టాలి.

గడువులోగా వేసినవాళ్లకు రిఫండ్ మీద ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు. మీ లెక్కలో తేలిన మొత్తం పన్నులో రిఫండ్ 10 శాతం కంటే తక్కువైతే ఆ వడ్డీ ఉండదు. వచ్చిన వడ్డీ మళ్లీ ఆదాయమే, వచ్చే ఏడాది రిటర్న్‌లో చూపాలి. ఇది మర్చిపోని మనిషిని నేనింకా చూడలేదు.

26ఏఎస్‌లో పడకపోతే

ముందు కోసినవాళ్లకు మెయిల్ పెట్టండి. ఫోన్ చాలదు, రాతపూర్వకంగా ఉండాలి. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, కోత, మీ పాన్ రాసి, పాన్ కార్డు కాపీ జత చేసి, “26క్యూ స్టేట్‌మెంట్‌కు కరెక్షన్ వేయండి” అని ఆ మాటే రాయండి. 26క్యూ అంటే కోతల వివరాలతో వాళ్లు మూడు నెలలకొకసారి వేసే స్టేట్‌మెంట్. “టీడీఎస్ పడలేదు చూడండి” అంటే చూస్తాం అంటారు, అంతటితో సరి. కరెక్షన్ అన్న మాట వాడితే వాళ్ల ఆడిటర్‌కు పంపుతారు. నా కాలేజీ వ్యవహారం ఆడిటర్ గారి గుమస్తా చేతికి చేరిన రోజున పది నిమిషాల్లో తేలింది. ముందు ఏడు నెలలు ఆయన దాకా చేరడానికే పట్టాయి.

స్థలం విషయంలో కోత వివరాలతో కొన్నవాళ్లు వేసే 26క్యూబీ ఫారంలో తప్పు దొర్లితే వాళ్లే ట్రేసెస్‌లో సరిచేయాలి. ఇద్దరు అమ్మి ఇద్దరు కొంటే నాలుగు 26క్యూబీలు వేయాలి. ఒకటే వేసి ఊరుకుంటే అన్నకు జమ పడి తమ్ముడికి పడదు. రిజిస్ట్రేషన్ రోజే కూర్చోబెట్టి వేయించుకోండి. డబ్బు ముట్టాక ఎవరికీ తీరిక ఉండదు.

కోశారు కానీ ప్రభుత్వానికి కట్టనే లేదు, కంపెనీ మూతపడింది, ఇలాంటివీ ఉంటాయి. చట్టంలో 205 సెక్షన్ మీకు అండ: కోత జరిగిన మేరకు మళ్లీ మిమ్మల్ని పన్ను కట్టమని అడగకూడదు. అలాంటి డిమాండును బలవంతంగా వసూలు చేయవద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లో తన అధికారులకు చెప్పింది, 2016లో మళ్లీ గుర్తుచేసింది. ఆచరణలో జరిగేది ఇది: మీరు జమ అడుగుతారు, కంప్యూటర్ ఒప్పుకోదు, రిటర్న్ పరిశీలించాక శాఖ పంపే 143(1) ఇంటిమేషన్‌లో డిమాండ్ వస్తుంది. పోర్టల్‌లో ఆ డిమాండ్‌కు ‘అంగీకరించను’ అని జవాబిచ్చి, బిల్లు, నికరంగా డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16ఏ లేదా కోశామని వాళ్లు రాసిన మెయిల్ జతచేసి, మీ పరిధి అధికారికి పిటిషన్ పెట్టాలి. కోత జరిగిందని రుజువు చేసే బాధ్యత మీదే. అందుకే ప్రతి చెల్లింపుకూ పే అడ్వైస్ (ఎంత ఇచ్చారో, ఎంత కోశారో చూపే చీటీ) అడిగి దాచుకోమంటాను. ఇది వసూలును ఆపుతుంది, అలాగని రిఫండ్ చేతిలో పడుతుందని భరోసా ఇవ్వలేను.

143(1) చూసే పద్ధతి తేలిక. రెండు వరుసలుంటాయి: మీరు చెప్పింది, శాఖ లెక్కించింది. టీడీఎస్ గడిలో అంకెలు తేడాగా ఉంటే కారణం వెతకండి. తర్వాత 26ఏఎస్ సరైతే 154 సెక్షన్ కింద సవరణ అర్జీ పోర్టల్‌లోనే పెట్టవచ్చు. జమ అడిగి ఆదాయం చూపకపోతే రిటర్న్ లోపభూయిష్టమని 139(9) నోటీసు వస్తుంది, 15 రోజుల్లో సరిచేయాలి. పాత బాకీ ఏదైనా ఉంటే రిఫండ్‌ను దానికి సర్దుతామని 245 సెక్షన్ కింద ముందుగా అడుగుతారు. ఆ మెయిల్‌ను స్పామ్ అనుకుని వదిలేయకండి.

సంవత్సరం తప్పినప్పుడు

క్లయింటు మార్చిలో మీ బిల్లును ఖర్చు రాసుకుని టీడీఎస్ కట్టేశాడు. మీకు డబ్బు మేలో ముట్టింది, మీరు డబ్బు ముట్టినప్పుడే ఆదాయం చూపే పద్ధతి పాటిస్తారు. అప్పుడు ఈ ఏడాది రిటర్న్‌లో ఆ జమను అడగకుండా ముందుకు తీసుకెళ్లాలి, వచ్చే ఏడాది ఆదాయంతో పాటు అడగాలి. 37బీఏ రూల్ సారాంశం అదే, ఆదాయం ఏ ఏడాదిలో పన్నుకు వస్తే జమ కూడా ఆ ఏడాదిలోనే.

తలకిందులుగా కూడా జరుగుతుంది. మీరు పోయినేడే ఆదాయం చూపి పన్ను కట్టేశారు, క్లయింటు ఈ ఏడాది తీరిగ్గా కోశాడు. ఇదివరకు దీనికి దారే ఉండేది కాదు. 2023 అక్టోబరు నుంచి ఫారం 71 ఉంది. కోసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్ల లోపు పోర్టల్‌లో అది వేస్తే, పాత ఏడాది మదింపును సవరించి జమ ఇస్తారు.

ఐదేళ్ల క్యుములేటివ్ ఎఫ్‌డీలది మరో గొడవ. వడ్డీ చేతికి చివర్లోనే వస్తుంది, బ్యాంకు మాత్రం ఏటా కోస్తుంది. ఏటా వడ్డీ చూపించి ఏటా జమ తీసుకోవడమే మేలు. చివర్లో ఒకేసారి చూపిస్తే శ్లాబు పెరుగుతుంది, ఏఐఎస్‌తో ఏటా పేచీ ఉంటుంది.

ఆదాయం ఒకరిది, పాన్ ఇంకొకరిది

అమ్మ డబ్బుతో జాయింట్ ఎఫ్‌డీ వేసి మొదటి పేరు కొడుకుది పెడితే, కోత అతని పాన్ మీద పడుతుంది. వడ్డీ నిజంగా అమ్మదే. అతను బ్యాంకుకు డిక్లరేషన్ ఇచ్చి అమ్మ పాన్ మీద రిపోర్టు చేయించవచ్చు. షెడ్యూల్‌లోనూ ‘సెల్ఫ్’, ‘అదర్ పర్సన్’ అని ఎంచుకునే గడి ఉంది. మైనరు పిల్లల ఎఫ్‌డీ వడ్డీ ఎక్కువ ఆదాయం ఉన్న తల్లి లేదా తండ్రి ఆదాయంలో కలుస్తుంది, జమ కూడా అటే రావాలి. డిపాజిట్ వేసేటప్పుడే డబ్బు ఎవరిదో వాళ్ల పేరు ముందు పెట్టిస్తే ఈ తంటా ఉండదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

డాలస్‌లోనో లండన్‌లోనో ఉంటూ ఊళ్లో ఎన్ఆర్ఓ డిపాజిట్లు (ప్రవాసులు ఇక్కడి ఆదాయం వేసుకునేవి) ఉన్నవాళ్లకు మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్సు కలిపి 31.2 శాతం కోస్తారు. 3 లక్షల వడ్డీ మీద 93,600. ఇక్కడ వేరే ఆదాయం లేకపోతే కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, ఐటీఆర్-2 వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది. 87ఏ రిబేటు మాత్రం వీళ్లకు లేదు. అమెరికాలో ఉన్నవాళ్లు “ఇక్కడ ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకుంటాలే” అని ఊరుకుంటారు. ఇండియాలో తిరిగి తెచ్చుకోగలిగిన పన్నుకు అమెరికాలో క్రెడిట్ ఒప్పుకోరు. ముందు ఇక్కడ రిటర్న్ వేసి, చివరికి మిగిలిన పన్నుకే అక్కడ క్రెడిట్ అడగాలి.

స్థలం అమ్మితే వీళ్లకు ఇంకా బరువు. ప్రవాసి 45 లక్షలకు అమ్మిన స్థలం మీద కొన్నవాళ్లు లాభం మీద కాదు, మొత్తం మీద 13 శాతం, 5,85,000 పట్టుకోవాలి. 30 లక్షలకు కొన్నదైతే దీర్ఘకాలిక లాభం 15 లక్షలు, అసలు పన్ను 1,95,000. మిగతా 3,90,000 కోసం రిటర్న్ వేసి ఎదురుచూడాలి. అమ్మకానికి ముందే అర్జీ పెట్టి (2025-26 వరకు అది ఫారం 13) తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ ఎదురుచూపు తప్పుతుంది.

దీనికి ఎదురు దిశలో, ఇక్కడ కూర్చుని యూట్యూబ్‌లో వీడియోలు పెట్టేవాళ్లకు అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన రాబడి మీద అక్కడ పన్ను కోస్తారు, పన్ను వివరాలు ఇచ్చి రెండు దేశాల పన్ను ఒప్పందం కింద అడిగితే 15 శాతం. అది 26ఏఎస్‌లో రాదు, టీడీఎస్ షెడ్యూల్‌లో పెట్టకూడదు. ఫారం 67 వేసి, విదేశీ పన్ను షెడ్యూళ్లలో చూపించి అడగాలి.

వచ్చే ఏడాది కోత పడకుండా

మీ పన్ను ఎలాగూ సున్నా అయితే కోయించుకుని తిరగడం దేనికి? కోత వద్దని అరవై దాటినవాళ్లు ఫారం 15హెచ్, మిగతావాళ్లు 15జి బ్యాంకుకు ఏప్రిల్‌లోనే ఇచ్చేవాళ్లు. 2025-26 వరకు ఉన్న ఆ రెండు ఫారాల మధ్య ఒక తేడా ఉంది. 15హెచ్ ఇచ్చేటప్పుడు రిబేటుతో పన్ను సున్నా అయినా సరిపోతుంది. 15జికి అలా కాదు, ఆ వడ్డీ మొత్తం కనీస మినహాయింపు పరిమితి లోపే ఉండాలి. కొత్త చట్టం కింద ఫారం ఏదో బ్యాంకులో అడిగి, ఎఫ్‌డీలున్న ప్రతి బ్యాంకులోనూ విడివిడిగా ఇవ్వండి. ఒక బ్యాంకులో ఇచ్చిన కాగితం పక్క బ్యాంకుకు తెలియదు. మా పక్కింటి మాస్టారుగారు ఏటా ఏప్రిల్ రెండో వారంలో సంచి పట్టుకుని నాలుగు బ్యాంకులు తిరిగొస్తారు, నాలుగింట్లోనూ అందినట్టు ముద్ర వేయించుకుని మరీ.